పక్క మంచం వాళ్ళకి ఆటలమ్మ, మీకేమో ఎల్లుండి ప్రయాణం: ఏం చేయాలి?

మాఘమాసం నుంచి ఎండలు ముదిరేదాకా మన దగ్గర పెళ్ళిళ్ళు, పరీక్షలు, ఆటలమ్మ ఒకేసారి వస్తాయి. హాస్టల్ గదిలో ఒకరికి పొక్కులు కనిపిస్తాయి. అదే వారం మీకు అక్క సీమంతానికో, బాబాయి కూతురి పెళ్ళికో బస్సు టికెట్ ఉంటుంది. మీకు జ్వరం లేదు, ఒళ్ళునొప్పులు లేవు. "నాకేం కాలేదుగా, వెళ్ళొస్తా" అనిపించడం సహజం.

చిక్కు ఏమిటంటే, పొక్కులు బయటపడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఆటలమ్మ ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకుంటుంది. బాగానే ఉన్నానని నమ్మి బస్సెక్కిన రోజే మీరు దాన్ని పంచుతూ ఉండొచ్చు. అందుకే ఈ ప్రయాణం చేయాలా వద్దా అనేది ఒంట్లో ఎలా ఉందో చూసుకుని తేల్చే విషయం కాదు. క్యాలెండర్ ముందు పెట్టుకుని తేల్చాలి. ఆ లెక్క తెలిస్తే అనవసరంగా టికెట్ రద్దు చేసుకోవలసిన పని ఉండదు, వెళ్ళకూడని రోజున వెళ్ళడమూ ఉండదు.

ఇక్కడ ముఖ్యంగా ఆటలమ్మ గురించే చెబుతాను, ఎక్కువమందికి ఎదురయ్యేది అదే కాబట్టి. తట్టు, గవదబిళ్ళలు, ఫ్లూ, టీబీ గురించి చివర్లో.

ముందు నాలుగు విషయాలు కనుక్కోండి

"వాడికి అమ్మవారు పోసిందట" అన్న ఒక్క మాట విని కంగారు పడొద్దు, కొట్టిపారేయనూ వద్దు. ఫోన్ చేసి అడగండి.

చూసి చెప్పింది డాక్టరా, మరొకరా? చెమటకాయలు, దోమకాట్లు, గజ్జి లాంటివి చాలాసార్లు ఆటలమ్మ అనిపించుకుంటాయి. అసలు ఆటలమ్మ పొక్కులు సాధారణంగా ఛాతీ, వీపు, ముఖం మీద మొదలవుతాయి. ఎర్రటి మచ్చగా లేచి, నీరు పట్టి, తర్వాత చెక్కు కడతాయి. ఒకేసారి ఒంటి మీద కొత్తవి, నీరు పట్టినవి, ఎండినవి మూడు రకాలూ కనిపించడం దీని గుర్తు.

రెండో ప్రశ్న, మొదటి పొక్కు ఏ తేదీన కనిపించింది? మూడోది, మీరు ఆ మనిషితో కలిసి ఉన్న చివరి రోజు ఏది? ఈ రెండు తేదీలూ కాగితం మీద రాసుకోండి, మొత్తం లెక్కకు ఇవే ఆధారం.

నాలుగోది, ఎంత దగ్గరగా ఉన్నారు? ఒకే గదిలో పావుగంట ఉన్నా, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడినా, ఒకే మంచం మీద కూర్చున్నా సోకే అవకాశం ఉన్నట్టే లెక్క. మెట్ల మీద ఎదురుపడి తప్పుకుని వెళ్ళిపోతే భయపడక్కర్లేదు. పెద్దవాళ్ళకు నడుముకో ఛాతీకో ఒక పక్కన పట్టీలా వచ్చే అక్కి కూడా ఇదే వైరస్ వల్ల వస్తుంది. నీరు పట్టిన ఆ పొక్కులు తగిలితే ఆటలమ్మ రానివాళ్ళకు ఆటలమ్మ రావొచ్చు. తాతయ్యకు అక్కి లేస్తే మందు రాసినవాళ్ళు కూడా ఈ ప్రశ్నలు వేసుకోవాలి.

ఇంకో అనుమానం చాలామందిని పీడిస్తుంది. పొక్కులు వచ్చింది ఒకరికి. అతనితో గదిలో ఉన్నది మీరు. మీరు మూడో రోజున మీ పిన్నిని కలిశారు. ఇప్పుడు పిన్ని ప్రయాణం మానుకోవాలా? అక్కర్లేదు. మీలో వైరస్ పెరిగి బయటికి వచ్చేదాకా మీ వల్ల ఎవరికీ ప్రమాదం లేదు, దానికి కనీసం వారం పడుతుంది. బట్టల మీద, సంచుల మీద మోసుకెళ్తామేమో అన్న భయం కూడా వద్దు. చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకుంటే చాలు.

ఇదివరకు వచ్చిందో లేదో అమ్మని అడగండి

ఒకసారి ఆటలమ్మ వచ్చి తగ్గినవాళ్ళకు మళ్ళీ రావడం చాలా అరుదు. మీకు చిన్నప్పుడు వచ్చి ఉంటే చాలావరకు ఈ గొడవ ఇక్కడితో ఆగిపోతుంది, నిశ్చింతగా ప్రయాణం చేయొచ్చు. ఆ సంగతి అమ్మకో అమ్మమ్మకో గుర్తుంటుంది.

అయితే ఒక జాగ్రత్త. మన ఇళ్ళలో "అమ్మవారు పోసింది" అనే మాట ఆటలమ్మకూ వాడతారు, తట్టుకూ వాడతారు. అందుకని "నాకు పోసిందా?" అని అడిగి ఊరుకోకండి. "నీటి పొక్కులు లేచాయా, సన్నటి ఎర్రటి దద్దు లేచిందా? మచ్చలేమైనా మిగిలాయా?" అని అడగండి. నీటి పొక్కులు, తర్వాత చెక్కులు, నుదుటి మీదో బుగ్గ మీదో చిన్న గుంట మచ్చ, ఇవన్నీ ఉంటే అది ఆటలమ్మే అయి ఉంటుంది. దద్దు మాత్రమే అయితే తట్టు కావొచ్చు. అది ఆటలమ్మ నుంచి కాపాడదు.

టీకా దగ్గర కూడా ఇలాంటి పొరపాటే జరుగుతుంది. "మా పిల్లలకి అన్ని టీకాలూ వేయించాం" అని తల్లిదండ్రులు నమ్మకంగా చెబుతారు. నిజమే, అంగన్‌వాడీలోనో పీహెచ్‌సీలోనో ఉచితంగా వేసేవన్నీ వేయించి ఉంటారు. ఆ జాబితాలో తట్టు, రుబెల్లాకు కలిపి వేసే ఎంఆర్ టీకా ఉంది. మొదటి డోసు 9 నుంచి 12 నెలల మధ్య, రెండోది 16 నుంచి 24 నెలల మధ్య వేస్తారు. ఆటలమ్మ టీకా ఆ జాబితాలో లేదు. దాన్ని ప్రైవేటుగా, పిల్లల డాక్టర్ దగ్గర డబ్బు కట్టి వేయించుకోవాలి. కార్డు తీసి 'వారిసెల్లా' అని రాసి ఉందో లేదో చూడండి. రెండు డోసులు పడి ఉంటే చాలా మంచి రక్షణ. ఒక్క డోసే అయితే, వచ్చినా తేలికపాటిగా రావొచ్చు గానీ అప్పుడు కూడా ఇతరులకు అంటుతుంది.

ఎవరికీ గుర్తులేదు, కార్డు లేదు, ప్రయాణమేమో మానుకోలేనిది. అలాంటప్పుడు వారిసెల్లా ఐజీజీ అనే రక్త పరీక్ష చేయించుకోవచ్చు. నగరాల్లోని పెద్ద ల్యాబ్‌లలో చేస్తారు. పాజిటివ్ వస్తే మీకు రక్షణ ఉన్నట్టు.

క్యాలెండర్ మీద రెండు గీతలు గీయండి

రాలేదు, టీకా లేదు, కలిసి ఉన్న మాట నిజం. ఇప్పుడు లెక్క మొదలు.

ఆటలమ్మ సోకిన తర్వాత పొక్కులు లేవడానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది, ఎక్కువమందికి రెండు వారాలు దాటిన రెండు మూడు రోజుల్లో. పొక్కులకు రెండు రోజుల ముందే అంటుతుంది కాబట్టి, సోకిన రోజు నుంచి 8వ రోజు మొదలుకుని 21వ రోజు దాకా మీరు జాగ్రత్తగా ఉండాల్సిన కాలం. అవతలి మనిషి కూడా తన పొక్కులకు రెండు రోజుల ముందు నుంచే మీకు అంటించి ఉండొచ్చు. అందువల్ల మొదటి గీత గీయడానికి ఆ రెండు రోజులు వెనక్కి వెళ్ళాలి. చివరి గీత మాత్రం మీరు కలిసి ఉన్న ఆఖరి రోజు నుంచి లెక్కపెట్టాలి.

ఉదాహరణకు మీ రూమ్మేట్‌కు మార్చి 10న మొదటి పొక్కు కనిపించింది. 11న వాళ్ళ నాన్నగారు వచ్చి తీసుకెళ్ళారు. మీకు సోకే అవకాశం మార్చి 8న మొదలైంది, 11న ముగిసింది. 8కి 8 కలిపితే 16. 11కి 21 కలిపితే ఏప్రిల్ 1. మార్చి 16 దగ్గర ఒక గీత, ఏప్రిల్ 1 దగ్గర ఇంకో గీత. ఆ మధ్య రోజుల్లో జనం మధ్యకు ప్రయాణం లేదు.

ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. మార్చి 15 దాకా మీరు వెళ్ళొచ్చు. 12న బస్సెక్కి ఇంటికి వెళ్ళడం వల్ల ఆ బస్సులో ఎవరికీ ప్రమాదం లేదు. మన హాస్టళ్ళలో జరిగేది దీనికి తలకిందులు. మొదటి కేసు కనిపించినప్పుడు "ఏం కాదులే" అని ఊరుకుంటారు. రెండు వారాలకు మరో నలుగురికి లేచేసరికి భయపడి సెలవులిచ్చి, అందరినీ ఒకేరోజు ఇళ్ళకు పంపేస్తారు. అంటే సరిగ్గా అంటించే రోజుల్లో పిల్లలందరూ కిక్కిరిసిన బస్సుల్లో జిల్లాలన్నిటికీ చేరతారు. వార్డెన్లు, ప్రిన్సిపాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒకటే విన్నపం. పంపదలిస్తే మొదటి వారంలోనే పంపండి. ఆ వారం దాటిపోతే అక్కడే విడిగా ఉంచి చూసుకోండి.

మొదటి వారంలో ఇంటికి వెళ్ళేవాళ్ళు కూడా ఇంకో విషయం ఆలోచించాలి. ఆ ప్రయాణం సురక్షితమే గానీ 8వ రోజు మీరు ఆ ఇంట్లోనే ఉంటారు. ఒకే ఇంట్లో ఉంటే, ఇదివరకు రానివాళ్ళలో పదిమందికి ఎనిమిది తొమ్మిది మందికి అంటుతుంది. ఆ ఇంట్లో ఎవరున్నారో చూసుకుని వెళ్ళండి. వెళ్ళాక రెండో గీత దాటేదాకా పేరంటాలకూ జాతరలకూ తిరగకుండా ఇంటిపట్టునే ఉండండి.

తెలిసిన వెంటనే డాక్టర్‌ని కలవండి

ఆలస్యం చేస్తే చేజారిపోయే అవకాశం ఇదొక్కటే, కాబట్టి దీన్ని వాయిదా వేయొద్దు. ఆటలమ్మ ఉన్న మనిషితో కలిసిన మూడు రోజుల్లోపు, మహా అయితే ఐదు రోజుల్లోపు, టీకా వేయించుకుంటే జబ్బు రాకుండా ఆగవచ్చు, వచ్చినా తేలిగ్గా పోవచ్చు. టీకా వేయించుకున్నాను కాబట్టి ఇక తిరగొచ్చు అనుకోకండి, క్యాలెండర్ మీద గీతలు అలాగే ఉంటాయి.

గర్భిణులకు, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్ళకు, కిడ్నీ మార్పిడి లాంటివి జరిగి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్ళకు ఈ టీకా వేయరు. వాళ్ళు ఆటలమ్మ ఉన్న మనిషి దగ్గర ఉన్నారని తెలిస్తే అదే రోజు తమ డాక్టర్‌కు ఫోన్ చేయాలి. వైరస్‌ను ఎదుర్కొనే యాంటీబాడీలను నేరుగా ఒంట్లోకి ఎక్కించే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ అవసరమా అన్నది డాక్టర్ నిర్ణయిస్తారు. దాన్ని పది రోజుల్లోపు ఇవ్వాలి, ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది. అది తీసుకున్నవాళ్ళకు జాగ్రత్త కాలం 21 రోజులతో ముగియదు, 28 దాకా సాగుతుంది.

డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు "ప్రయాణం చేయొచ్చా అండీ?" అని మాత్రం అడగకండి. తేదీలు చెప్పండి, ఇదివరకు రాలేదని చెప్పండి, ఏ బండిలో ఎంతసేపు వెళ్తారో, వెళ్ళేచోట ఎవరుంటారో చెప్పండి. సగం సమాచారంతో అడిగితే సగం జవాబే దొరుకుతుంది. 2014 అక్టోబరులో అమెరికాలోని డల్లాస్‌లో ఎబోలా రోగికి సేవ చేసిన ఒక నర్సు విమానం ఎక్కే ముందు అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీకి ఫోన్ చేసి, తనకు 99.5 డిగ్రీలు ఉందని చెప్పింది. జ్వరంగా లెక్కించడానికి వాళ్ళు పెట్టుకున్న హద్దు 100.4. అంతకంటే తక్కువే కదా అని ఆమెను ఎవరూ ఆపలేదు. మర్నాడు జ్వరంతో ఆస్పత్రిలో చేరింది, ఆపైన ఎబోలా అని తేలింది. విమానంలో ఉన్న 132 మంది ప్రయాణికులను వెతికి పట్టుకోవలసి వచ్చింది. అదృష్టవశాత్తూ వాళ్ళలో ఎవరికీ సోకలేదు, ఆమె కోలుకుంది. ఆమె అడిగింది, బాధ్యతగానే నడుచుకుంది. థర్మామీటర్ మీది అంకెకు ఇచ్చినంత విలువ ఆమె ఎవరి పక్కన పనిచేసిందన్న దానికి ఇవ్వకపోవడం వల్ల వచ్చిన తిప్పలు అవి. మీ విషయంలోనూ అంతే. జబ్బు మనిషితో కలిసి ఉన్నాక ఒంట్లో ఏ కొంచెం తేడా వచ్చినా ఆ ప్రయాణం ఆపేయండి, అంకె ఎంతన్నది తర్వాత.

వెళ్ళేచోట ఎవరుంటారో తలుచుకోండి

చాలామంది పిల్లలకు ఆటలమ్మ వారం పది రోజుల బాధ. పెద్దవాళ్ళకు మరింత తీవ్రంగా వస్తుంది, కొందరికి న్యుమోనియా దాకా వెళ్తుంది. ఇదివరకు రాని గర్భిణికి సోకితే ఆమెకూ ప్రమాదమే, తొలి నెలల్లో అయితే అరుదుగా కడుపులోని బిడ్డకు లోపాలు రావచ్చు. కాన్పుకు అటూ ఇటూ రోజుల్లో తల్లికి వస్తే పుట్టిన బిడ్డకు ప్రాణాపాయం. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్ళకు కూడా అంతే ప్రమాదం.

ఇప్పుడు మన వేడుకలు చూడండి. సీమంతంలో మధ్యన కూర్చునేది గర్భిణి. బారసాలలో ఉయ్యాలలో ఉండేది పసిగుడ్డు. ఆస్పత్రికి పరామర్శకు వెళ్తే చుట్టూ ఉండేది ఒంట్లో శక్తి లేనివాళ్ళు. రెండు గీతల మధ్య రోజుల్లో ఈ మూడింటికీ వెళ్ళొద్దు, ఎంత దగ్గర బంధువులైనా. ఇందులో నాకు మినహాయింపులేవీ కనిపించవు.

పెళ్ళి సంగతి ఇంకా చిక్కు. అక్కడికి వచ్చే వందలమందిలో ఎవరు నెల తప్పారో మీకు తెలియదు. మూడో నెల నిండేదాకా బయటికి చెప్పకపోవడం మన ఇళ్ళలో ఆనవాయితీ. బిడ్డకు ముప్పు ఉండేదేమో ఆ తొలి నెలల్లోనే. "అక్కడ గర్భిణులెవరూ లేరుగా" అన్న మాట మీద ఆధారపడి పెళ్ళికి బయల్దేరకూడదు అనేది ఇందుకే. ఒక్కరికే చెవిలో చెప్పి ఊరుకోకుండా అందరికీ తెలిసేలా చెప్పాలి అనేది కూడా ఇందుకే.

ముందే చెప్పండి, తేదీలతో చెప్పండి

వెళ్ళకపోవడం కన్నా ఎందుకు వెళ్ళలేదో చెప్పడం చాలామందికి కష్టం. పెళ్ళిపెద్దలు నొచ్చుకుంటారేమో, అపశకునంగా అనుకుంటారేమో, "దానికి అమ్మవారట" అని ఊరంతా పాకుతుందేమో అన్న భయం. చివరి నిమిషం దాకా నాన్చి, "లీవ్ దొరకలేదు" అని అబద్ధం చెప్పేస్తారు. అలా చెబితే అవతలివాళ్ళు "ఒక్కపూట వచ్చి వెళ్ళు" అని బలవంతం చేస్తారు, మీరు మెత్తబడతారు. నిజం చెబితే ఆ బలవంతం ఉండదు.

ఇలా చెప్పొచ్చు: "అత్తయ్యా, మా రూమ్‌లో అమ్మాయికి ఆటలమ్మ వచ్చింది. నాకు ఇంకా రాలేదు, కానీ ఏప్రిల్ ఒకటో తారీఖు దాకా వచ్చే అవకాశం ఉందట. పొక్కులు రాకముందే ఇంకొకళ్ళకి అంటుతుందని డాక్టర్ గారు చెప్పారు. పెళ్ళిలో చిన్నపిల్లలూ కడుపుతో ఉన్నవాళ్ళూ ఉంటారు కదా. మనసంతా అక్కడే ఉంది గానీ ఇప్పుడు రాను. రెండో తారీఖు దాటాక వచ్చి రెండు రోజులుంటాను." ఇందులో తేదీ ఉంది, కారణం ఉంది, మళ్ళీ ఎప్పుడొస్తారో ఉంది. కాదనడానికి ఎవరికీ నోరు రాదు.

ఈ ఫోన్ అందుకునేది మీరే అయితే, "ముందే చెప్పి మంచి పని చేశావమ్మా" అనండి. ఒక్కసారి ఈసడించుకుంటే ఆ మనిషి వచ్చేసారి దాచిపెడుతుంది.

అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టడం, ఆ ఇంటివాళ్ళు గడప దాటకపోవడం, బయటివాళ్ళు లోపలికి రాకపోవడం మన పాత కట్టుబాటు. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, జబ్బు పాకకుండా ఆ కట్టుబాటు ఎంతో ఆపింది. దాన్ని నేను గౌరవిస్తాను. కాకపోతే ఆ కట్టుబాటు పొక్కులు కనిపించాకే మొదలవుతుంది. దాని ముందరి రెండు రోజులకు కూడా మనం ఒక కట్టుబాటు పెట్టుకోవాలి. చట్టం కూడా అంతవరకు రాదు. రైల్వే చట్టం, 1989లోని 56వ సెక్షన్ ప్రకారం, నిర్ణయించిన అంటువ్యాధులు ఉన్నవాళ్ళు రైల్వే ఉద్యోగి అనుమతి లేకుండా రైల్లో ప్రయాణించకూడదు. ప్రాణాపాయం తెచ్చే అంటువ్యాధిని నిర్లక్ష్యంగా వ్యాపింపజేస్తే భారతీయ న్యాయ సంహిత 271వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు ఉంది. జబ్బు వస్తుందో రాదో తెలియని మనిషిని టికెట్ కౌంటర్ దగ్గర ఆపేవాళ్ళు మాత్రం ఎవరూ ఉండరు.

తప్పనిసరి అయితే

కొన్ని ప్రయాణాలు తప్పవు. తండ్రి పోయాడు, కర్మ చేయాల్సింది మీరే. ఇలాంటిచోట "వెళ్ళొద్దు" అని రాసేయడం తేలిక, నేను రాయను. వెళ్ళండి, కానీ వెళ్ళే తీరు మార్చుకోండి. బస్సు, రైలు, షేర్ ఆటో వదిలేసి సొంత బండిలోనో అద్దె కారులోనో వెళ్ళండి. డ్రైవర్‌కు చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందో లేదో ముందే అడగండి, వచ్చినవాళ్ళనే మాట్లాడుకోండి. కిటికీలు తెరిచి ఉంచండి, ఏసీ వద్దు. మాస్క్ పెట్టుకోండి. గాలిలో వ్యాపించే జబ్బు కాబట్టి మాస్క్ ఒక్కటే చాలదు, అయినా కొంత మేలు. ఇంటికి ముందే ఫోన్ చేసి, గర్భిణులు, పసిపిల్లలు కాసేపు పక్కింట్లో ఉండేలా చూడమనండి. కార్యక్రమం ఆరుబయట జరిగేలా చూసి, అది కాగానే విడిగా ఉండండి.

పరీక్షల సంగతి వేరు. ఇంటర్, టెన్త్ పరీక్షలు ఆటలమ్మ రోజుల్లోనే వస్తాయి. కాలేజీ వాళ్ళ ద్వారా పరీక్షా కేంద్రంలోని చీఫ్ సూపరింటెండెంట్‌కు ముందే సంగతి చెప్పండి, విడిగా కూర్చోబెట్టమని అడగండి. బస్సులో కాకుండా ఇంట్లోవాళ్ళ బండి మీద వెళ్ళండి.

దారిలో మొదలైతే

బయల్దేరే ముందు ఒళ్ళంతా ఒకసారి చూసుకోండి. ఛాతీ, వీపు, తలలో జుట్టు కింద, నోటి లోపల. ఒక్క కొత్త పొక్కు ఉన్నా, ఒళ్ళు వెచ్చబడినా ఆ పూట కదలొద్దు.

సగం దారిలో కనిపిస్తే టెన్షన్ పడొద్దు. మాస్క్ వేసుకోండి, పక్కనున్నవాళ్ళకు చెప్పండి, గర్భిణులూ చిన్నపిల్లలూ ఉంటే దూరంగా మారమనండి. రైల్లో అయితే టీటీఈకి చెప్పండి, లేదా 139కి ఫోన్ చేయండి. గమ్యం దగ్గరలోనే ఉంటే చేరుకోండి. ఇంకా రాత్రంతా ప్రయాణం ఉంటే, తెలిసినవాళ్ళున్న పెద్ద స్టేషన్లో దిగిపోవడం నయం. ఆస్పత్రికి వెళ్ళే ముందు ఫోన్ చేసి చెప్పండి, నేరుగా వెళ్ళి ఓపీ బెంచీ మీద గర్భిణుల పక్కన కూర్చోకండి. ఎవరిని అడగాలో తెలియకపోతే మన రెండు రాష్ట్రాల్లోనూ 104 ఉంది. ఊపిరి ఆడకపోయినా, మగతగా ఉన్నా 108.

డాక్టర్‌ని మాత్రం ఆలస్యం చేయకుండా కలవండి. పెద్దవాళ్ళకు ఇచ్చే ఎసైక్లోవిర్ మందు పొక్కులు లేచిన 24 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. జ్వరానికి పారాసిటమాల్ చాలు, పిల్లలకు ఆస్పిరిన్ ఎట్టి పరిస్థితిలోనూ వేయకూడదు. పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా, మామూలుగా ఐదు నుంచి ఏడు రోజులు, ఇల్లు కదలకూడదు. మొదటి పొక్కుకు ముందరి రెండు రోజుల్లో ఎవరెవరిని కలిశారో గుర్తు చేసుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. వాళ్ళకు టీకా వేయించుకునే ఆ మూడు నుంచి ఐదు రోజుల అవకాశం మీ ఫోన్ మీదే ఆధారపడి ఉంది.

జబ్బు వేరేదైతే లెక్క మారుతుంది

తట్టు ఆటలమ్మ కంటే వేగంగా అంటుతుంది. రోగి గది వదిలి వెళ్ళాక కూడా రెండు గంటల దాకా ఆ గాలిలో వైరస్ ఉంటుంది. రక్షణ లేనివాళ్ళు పదిమంది దగ్గరగా ఉంటే తొమ్మిది మందికి వస్తుంది. దద్దుకు నాలుగు రోజుల ముందు నుంచి, తర్వాత నాలుగు రోజుల దాకా అంటుతుంది. టీకా వేయించుకోనివాళ్ళు, ఇదివరకు తట్టు రానివాళ్ళు రోగిని కలిసిన 5వ రోజు నుంచి 21వ రోజు దాకా ప్రయాణం మానుకోవాలి. తట్టు టీకా 72 గంటల్లోపు వేయించుకుంటే ఉపయోగం ఉంటుంది.

గవదబిళ్ళలు సోకాక బయటపడటానికి 12 నుంచి 25 రోజులు. చెంప వాచడానికి రెండు రోజుల ముందు నుంచి, వాచాక ఐదు రోజుల దాకా అంటుతాయి. ఫ్లూ అయితే ఒకటి నుంచి నాలుగు రోజుల్లోనే తేలిపోతుంది. ఇంట్లో ఒకరికి ఫ్లూ వస్తే, బామ్మగారిని చూడటానికి వెళ్ళే ప్రయాణాన్ని ఆ నాలుగు రోజులు వెనక్కి జరపడం పెద్ద త్యాగమేమీ కాదు.

టీబీ విషయంలో జనం అనవసరంగా భయపడతారు. ఆఫీసులో ఒకరికి టీబీ అని తెలిసిన మర్నాడే మీరు ప్రయాణాలు మానుకోనక్కర్లేదు. రోజుల తరబడి ఒకే గదిలో ఉంటేనే సాధారణంగా సోకుతుంది. సోకినా, జబ్బుగా మారనంతవరకు మీ నుంచి ఎవరికీ అంటదు. మీరు చేయాల్సింది పరీక్ష చేయించుకోవడం. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం, నిక్షయ్ హెల్ప్‌లైన్ 1800-11-6666. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే మాత్రం ఆ పరీక్ష అయ్యేదాకా దూరప్రయాణం వద్దు. ఊపిరితిత్తుల టీబీ అని తేలినవాళ్ళు కనీసం రెండు వారాలు మందులు వాడి, డాక్టర్ సరేనన్నాకే బస్సో రైలో ఎక్కాలి.

నిపా, ఎబోలా లాంటివాటిలో ఈ నిర్ణయం మీది కాదు. ఆరోగ్య శాఖ వాళ్ళు ఫోన్ చేసి 21 రోజులు ఇంట్లో ఉండమంటే ఉండాలి. ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు సరిగ్గా చెప్పండి. ఊరు మారితే వాళ్ళకు చెప్పకుండా మారొద్దు.

రెండో గీత దాటాక

ఏప్రిల్ 1 దాటింది, పొక్కులేమీ రాలేదు. ఇక ఎక్కడికైనా వెళ్ళండి. అయితే ఈసారి తప్పించుకున్నంత మాత్రాన వచ్చే ఏడాది మాఘంలో రక్షణ ఉన్నట్టు కాదు. ఇదివరకు రానివాళ్ళు, ఇప్పుడు హడావిడిలో టీకా వేయించుకోనివాళ్ళు ఈ వేసవిలోనే వేయించుకోండి. 13 ఏళ్ళు దాటినవాళ్ళకు రెండు డోసులు, మధ్యలో కనీసం నాలుగు వారాల ఎడం. ఆత్రంలో ఒక డోసు వేయించుకున్నవాళ్ళు రెండోది మరవకండి. ఆడవాళ్ళు కడుపుతో లేరని ఖాయం చేసుకున్నాకే వేయించుకోవాలి, ప్రతి డోసు తర్వాత ఒక నెల దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. టీకా కార్డు ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకుని, అమ్మకు కూడా ఒకటి పంపండి.